మంచు ఆగిన మర్నాడే అసలు జాగ్రత్త: కొండ ఊరి చలికాలంపై అపోహలు - వాస్తవాలు

కొండల నడుమ ఉన్న ఒక చిన్న ఊళ్లో వాతావరణ సూచనలు ఇవ్వడం నా పని. చలికాలం మొదలైతే ఫోన్ మోగుతూనే ఉంటుంది. 'ఈ వారం మంచు పడుతుందా?' అనే అందరూ అడుగుతారు. మనం గడ్డి మీది తడినీ మంచే అంటాం, దారి కనపడనీయని పొగనీ మంచే అంటాం. ఆకాశం నుంచి రాలిపడేదీ, రోడ్డు మీద గడ్డకట్టేదీ కూడా మంచే. కానీ ఇవి పుట్టే తీరు వేరు, ఇబ్బంది పెట్టే తీరు వేరు. ఈ చలికాలంలో ఒక్క వారంలోనే వీటిలో చాలావరకు చూశాం. ఆ వారం నా చెవిన పడిన అపోహలను వచ్చిన వరసలోనే చెప్తాను.

అపోహ: పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతుంది, కింద వెచ్చగా ఉంటుంది

సోమవారం ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. తెల్లవారుజామున ఊరి దిగువన వంతెన దగ్గర థర్మామీటరు మైనస్ 11 చూపించింది. అక్కడికి 300 మీటర్ల ఎత్తున ఉన్న మా స్టేషన్‌లో మైనస్ 4. పైనుంచి చూస్తే ఇళ్ల గొట్టాల్లోంచి పొగ నిటారుగా లేచి, ఒక ఎత్తుకు రాగానే కనపడని కప్పుకు తగిలినట్టు అడ్డంగా పరుచుకుంటోంది. ఆ కప్పు కిందే చల్లగాలి మడుగు కట్టి ఉంది.

సగటున చూస్తే కిలోమీటరు పైకెళ్తే ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు తగ్గే మాట నిజమే. కానీ మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో పీటర్ సింక్స్ అని కొండల మధ్య గిన్నెలాంటి పల్లం ఉంది. అక్కడ 1985 ఫిబ్రవరి 1న మైనస్ 56.3 డిగ్రీలు నమోదైంది. దాని అడుగున చెట్లు మొలవవు, చుట్టూ ఉన్న గట్ల మీద మాత్రం ఉంటాయి.

ఫోన్‌లో చూసే ఉష్ణోగ్రత కొండ ఊళ్లో తరచూ తప్పడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ప్రపంచం మొత్తానికీ లెక్కకట్టే మంచి కంప్యూటర్ మోడల్ కూడా భూమిని దాదాపు 9 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. ఆ గడిలో మన శిఖరమూ, లోయా కలిసిపోయి ఒక సగటు ఎత్తు అయిపోతాయి. అందుకే యాప్‌లో కనపడే ఎత్తు ఎంతో, మీరున్న ఎత్తు ఎంతో ముందు చూసుకోండి.

ఆ ఉదయం ఇంకొకటి కూడా చూశాను. వాలు మీద అంతకుముందే పడి ఉన్న మంచుపై గోరంత వెడల్పున్న ఈకల్లాంటి పలుకులు మొలిచి ఎండకు మెరుస్తున్నాయి. రాత్రి చలికి గాలిలోని తేమ నేరుగా గడ్డకట్టి అలా అవుతుంది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. దాని సంగతి శనివారం దగ్గర చెప్తాను.

అపోహ: వరదగుడి చూసి వాన చెప్పడం మూఢనమ్మకం

మంగళవారం రాత్రి చంద్రుడి చుట్టూ పెద్ద గుడి కట్టింది. ఇది నమ్మదగ్గ గుర్తే. చాలా ఎత్తున ఉండే పల్చని మబ్బులో ఆరు మూలల ఐసు పలుకులుంటాయి. వాటిలోంచి వెలుతురు వంగడం వల్ల చంద్రుడికి 22 డిగ్రీల దూరంలో ఆ వలయం కనపడుతుంది. అలాంటి మబ్బు చాలాసార్లు రాబోయే వానకో హిమపాతానికో ముందు నడిచి వస్తుంది. చంద్రుణ్ని ఆనుకుని కట్టే చిన్న రంగుల గుడి వేరు. అది సన్నని నీటి బిందువుల పని. పెద్ద గుడి కడితే వాన దగ్గర, చిన్న గుడి కడితే దూరం అన్న పెద్దల మాటలో గమనింపు చాలా ఉంది. ప్రతిసారీ నిజమవ్వాలని లేదు కానీ, కొట్టిపారేసే మాట మాత్రం కాదు.

అపోహ: సున్నా డిగ్రీల పైన ఉంటే మంచు పడదు

బుధవారం సాయంత్రం 3 డిగ్రీలుంది, వాన మొదలైంది. ఊళ్లో రాత్రంతా వానే ఉంటుందని, మంచు పైన వాలుల మీదే పడుతుందని నేను సూచన రాశాను. అర్ధరాత్రి దాటాక కిటికీ అద్దం మీద చినుకుల చప్పుడు ఆగిపోయింది. లేచి చూస్తే వీధి దీపం కింద రూపాయి బిళ్లలంత రేకులు రాలుతున్నాయి.

ఎక్కడ పొరపడ్డానో తర్వాత లెక్క చూసుకుంటే తెలిసింది. పైన మంచుగా బయలుదేరిన రేకు కిందికి వస్తూ వెచ్చటి గాలిలో కరుగుతుంది. కరగడానికి వేడి కావాలి. గ్రాముకు దాదాపు 80 క్యాలరీల వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. దాంతో ఆ గాలి చల్లబడుతుంది, తర్వాత వచ్చే రేకు ఇంకొంచెం కిందిదాకా కరక్కుండా వస్తుంది. మైదానంలో గాలి వీస్తూ ఉంటే ఎప్పటికప్పుడు కొత్త వెచ్చదనం వచ్చి చేరుతుంది. ఇరుకైన లోయలో గాలి కదలదు, పైగా చల్లబడాల్సిన గాలే తక్కువ. వాన జోరుగా ఉంటే గంటల్లోనే మంచు హద్దు వందల మీటర్లు కిందికి దిగివస్తుంది. మామూలు రోజుల్లో కూడా గాలి సున్నా డిగ్రీలుండే ఎత్తుకు 200, 300 మీటర్ల కింద దాకా మంచు కరక్కుండా వస్తుంది. గాలి పొడిగా ఉంటే ఇంకా కిందికీ రావచ్చు.

అప్పటి నుంచి గాలిలేని లోయలో జోరువాన అంటే నేను 'వాన' అని ఒక్క ముక్కలో రాయను.

దీనికి తిరగేసిన అపోహ ఇంకొకటి ఉంది: మరీ చలిగా ఉంటే మంచు పడదని. చల్లటి గాలిలో తేమ తక్కువ పడుతుంది, అంతే. ఘనమీటరు గాలి సున్నా దగ్గర దాదాపు 5 గ్రాముల ఆవిరి పట్టుకోగలిగితే, మైనస్ 20 దగ్గర 1 గ్రాము పట్టుకుంటుంది. పడేది తగ్గుతుందే తప్ప ఆగిపోదు.

అపోహ: ఎన్ని అంగుళాలు పడిందో తెలిస్తే చాలు

గురువారం పొద్దున అందరూ లోతే అడిగారు. మేం తెల్లరంగు వేసిన చెక్క పలక మీద పడిన మంచును స్కేలుతో కొలిచి, తుడిచి, మళ్లీ చుట్టూ ఉన్న మంచు మట్టానికి సమంగా పెడతాం. దాంతో పని అయిపోదు. గొట్టంలో పట్టిన మంచును కరిగించి ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లయ్యాయో చూస్తాం. 10 సెంటీమీటర్ల మంచు కరిగితే 10 మిల్లీమీటర్ల నీళ్లన్నది స్థూలంగా చెప్పే లెక్క. తడిమంచైతే అంతే లోతుకు 20 రావచ్చు, పొడిమంచైతే 5 కూడా రాకపోవచ్చు. ఒక మిల్లీమీటరు నీళ్లంటే చదరపు మీటరుకు కిలో బరువు. 60 సెంటీమీటర్ల తడిమంచు పైకప్పు మీద చదరపు మీటరుకు 120 కిలోల దాకా మోపుతుంది. ఇంటి కప్పు గురించి అడిగేవాళ్లకు నేను ముందు బరువే చెప్తాను.

అపోహ: గట్టిగా అరిస్తే మంచు చరియలు విరిగిపడతాయి; మంచు ఆగి ఎండ వస్తే ఇక భయం లేదు

శుక్రవారం హిమపాతం తగ్గి ఈదురుగాలి లేచింది. శనివారం ఆకాశం నీలంగా విచ్చుకుంది. ఆ రోజు ఒక్క ఫోనూ రాలేదు. నాకు వారం మొత్తంలో టెన్షన్ పెట్టింది ఆ రోజే.

మనిషి గొంతుకు మంచు పలకను కదిపే బలం లేదు. మనిషి బరువుకు ఉంది. చరియల్లో చనిపోయినవాళ్ల ప్రమాదాలు చూస్తే, పదింట దాదాపు తొమ్మిది వాళ్లో వాళ్ల పక్కనున్నవాళ్లో కదిపినవే. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే విరుగుతాయి. ఇంతకన్నా నిటారుగా ఉన్నచోట మంచు పెద్దగా నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది.

సోమవారం మెరిసిన ఈకల పలుకులు గుర్తున్నాయా? గురువారం పడిన మంచు వాటిని కప్పేసింది. అవి కింది మంచుకూ పై మంచుకూ మధ్య పేకముక్కల్లా నిలబడి ఉంటాయి. శుక్రవారం గాలి ఒక వైపు వాలును ఊడ్చి, శిఖరం చాటున ఉన్న రెండో వైపు కుప్పపోసింది. ఇలా గాలి మోసే మంచు ఆకాశం నుంచి పడేదానికంటే ఎన్నో రెట్లు వేగంగా పోగవుతుంది. ఇక పైన ఒక్క అడుగు పడితే కింద పేకమేడ కూలుతుంది. అడుగేసినప్పుడు లోపలెక్కడో 'ధబ్'మని కుంగిన చప్పుడు వినిపిస్తే, కాలి దగ్గర పగుళ్లు పాకితే, వెంటనే వచ్చిన దారినే వెనక్కి తిరగండి. కూరుకుపోయినవాళ్లను మొదటి 10, 15 నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, తర్వాత అది చాలా వేగంగా పడిపోతుంది. కింది నుంచి సాయం వచ్చేసరికి ఆ సమయం దాటిపోతుంది. అందుకే వెతికే పరికరం, పొడవాటి కడ్డీ, పార మీ దగ్గరా, మీతో వచ్చేవాళ్ల దగ్గరా ఉండాలి. ఇలాంటి బలహీనమైన పొర రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి అలాగే ఉండిపోతుంది.

అపోహ: చలికాలంలో వెచ్చటి గాలి వేడి ప్రాంతం నుంచే వస్తుంది

ఆదివారం మధ్యాహ్నం కొండ మీంచి వెచ్చటి గాలి దిగింది. కిందికి దిగే పొడిగాలి ఒత్తిడికి నలిగి కిలోమీటరుకు 9.8 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. అది చలి ప్రాంతం నుంచి బయలుదేరినా సరే. అమెరికాలో దక్షిణ డకోటాలోని స్పియర్‌ఫిష్‌లో 1943 జనవరి 22 ఉదయం ఇలాంటి గాలి వల్ల రెండే నిమిషాల్లో మైనస్ 20 నుంచి 7 డిగ్రీలకు చేరింది.

సాయంత్రానికి గాలి పడిపోయింది, మబ్బు విడిపోయింది. పగలు కరిగిన నీళ్లు రోడ్డు మీద పల్చగా పరుచుకుని ఉన్నాయి. '3 డిగ్రీలుంది కదా, గడ్డకట్టదులే' అని ఒకాయన ఫోన్లో అన్నారు. మేం చెప్పే ఉష్ణోగ్రత నేలకు మీటరున్నర ఎత్తున, గాలి ఆడే తెల్ల పెట్టెలో కొలిచింది. తేట రాత్రి నేల అంతకంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. కింద కూడా గాలే ఉండే వంతెన ఇంకా త్వరగా చల్లబడుతుంది. ఆ రాత్రి సూచనలో 3 డిగ్రీలు అని రాసి, దాని కిందే 'వంతెన మీద నెమ్మదిగా వెళ్లండి' అని చేర్చాను.