ఇందుమూలంగా యావన్మందికి

వ్యాసర్‌పాడిలో ఒక ఈ-సేవై సెంటరు, సర్కారు దరఖాస్తులు పెట్టుకునే చోటు. కాలేజీలు తెరిచిన రోజులు. లైనులో నా ముందు ఒకావిడ, పక్కన బీకాంలో కొత్తగా చేరిన కూతురు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నది తెలుగే, మధ్యమధ్య అరవం దొర్లుతోంది. గోడ మీద స్కాలర్‌షిప్పు నోటీసు తమిళంలో ఉంది, కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు. ఆవిడ తమిళం గడగడా మాట్లాడుతుంది కానీ చదవలేదు. "ఏముందే అందులో, మనకొస్తాదా?" అని కూతురిని అడిగింది. కూతురు ప్లాస్టిక్ కవరులోంచి కమ్యూనిటీ సర్టిఫికెట్ తీసి, "వస్తాదిలే అమ్మా, ఇదుందిగా" అంది. కులం అన్నచోట రాసి ఉన్నది: ఆది ఆంధ్ర.

చెన్నైలో పుట్టి, నెల్లూరు ఎట్లా ఉంటుందో కూడా తెలియని పిల్ల సర్టిఫికెట్ మీద ఆంధ్ర అన్న మాట ఎట్లా వచ్చి కూర్చుందో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. ఆ దారి పొడుగునా సర్కారు నోటీసులే. ప్రతి నోటీసు దగ్గరా ఆవిడ అడిగిన ప్రశ్నే: మనకొస్తాదా?

ఊళ్లో నోటీసంటే మొదట చెవికి వినబడేది. పైనుంచి తాఖీదు తాలూకా కచేరీకి, అక్కడినుంచి కరణానికి, కరణం చెప్పింది డప్పు వాయించేవాడి నోటికి. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని అందరికీ వినబడేట్టు చెప్పేవాడు. శిస్తు గడువు, వేలం పాట, కలరా, దొర క్యాంపు, అన్నీ అందులోనే. డప్పు మాదిగవాడిది. కబురు ఊరందరికీ మోసుకొచ్చేది అతనే. ఆ కబురులో అతనికి పనికొచ్చే ముక్క ఎప్పుడైనా ఉందా అన్నది వేరే సంగతి.

మద్రాసులో మాత్రం నోటీసు కాగితం మీదికి తొందరగానే ఎక్కింది. 1832లో ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ మొదలైంది. ఎవరిని ఎక్కడికి బదిలీ చేశారు, ఎవరికి సెలవిచ్చారు, ఏ భూమి వేలానికి వచ్చింది, ఏ పరీక్ష ఎవరు పాసయ్యారు, ఇవీ అందులో ఉండేవి. సర్కారు ప్రెస్సు చాలాకాలంగా ఉన్నది మింట్ స్ట్రీట్‌లో, మనవాళ్లు తంగసాలై అనే చోట. చుట్టుపక్కల తెలుగు వర్తకుల ఇళ్లు. అచ్చు పడేది అక్కడ, చేరాల్సింది గంజాం నుంచి తిరునెల్వేలి దాకా. భాష ఇంగ్లీషు.

అప్పట్లో సర్కారు చదువు ఖర్చు ముందు పెట్టింది తన దొరల మీదే. 1812లో ఎల్లిస్ అనే దొర పూనికతో వచ్చిన కాలేజ్ ఆఫ్ ఫోర్ట్ సెయింట్ జార్జి పని, ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర ఉద్యోగులకు తెలుగూ తమిళమూ నేర్పడం. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో అక్కడినుంచే వచ్చింది. భాష బాగా పట్టుబడ్డ దొరకు బహుమానపు సొమ్ము కూడా ఉండేది. అంటే ఈ ఊళ్లో తెలుగు చదువుకున్నందుకు సర్కారు డబ్బు అందుకున్నవాళ్లలో ముందువరస ఇంగ్లీషువాళ్లది! ఆ కాలేజీ పేరు నుంగంబాకంలో కాలేజ్ రోడ్డుకు మిగిలింది. తర్వాత విద్యాశాఖ డైరెక్టరు ఆఫీసు, అందరూ డీపీఐ అనే ఆవరణ, ఆ రోడ్డు మీదే వెలిసింది.

జనం ఊరుకోలేదు. 1839లో డెబ్బై వేల సంతకాలతో ఒక అర్జీ గవర్నర్ ఎల్ఫిన్‌స్టన్ చేతికి వెళ్లింది, మాకూ పెద్ద చదువులు కావాలని. 1841లో ఒక హైస్కూలు తెరిచారు, అదే పెరిగి ప్రెసిడెన్సీ కాలేజీ అయింది. గాజుల లక్ష్మీనరసు చెట్టి పేరు ఇక్కడ చెప్పుకోవాలి. మద్రాసు తెలుగు వర్తకుడు, 1844 అక్టోబరులో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. పత్రిక వస్తోందని గెజిట్‌లో ఒక ప్రకటన వేయమంటే సర్కారు వేయలేదు. గెజిట్ అంటే ఊరి అరుగు కాదు, తమ ఇంటి గడప అని చెప్పినట్టయింది. రెండేళ్ల తర్వాత సర్కారు బడుల్లో బైబిలు పాఠం పెడదామని గవర్నర్ ట్వీడేల్ అనుకున్నప్పుడు అడ్డం తిరిగిన వాళ్లలో లక్ష్మీనరసు ముందున్నాడు. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు ఆ ప్రతిపాదనను తోసిపుచ్చారు.

లక్ష్మీనరసు పోరాటాన్ని తక్కువ చేయడం కాదు గానీ, ఆ డెబ్బై వేల సంతకాల్లో నోటీసు చదవగలిగిన వాళ్ల ఆశే ఎక్కువగా ఉంది. డప్పు వాయించేవాడి పిల్లల ఊసు రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

ఉద్యోగాల సంగతి కొంచెం ముందే కదిలింది. కలెక్టరు కచేరీలో శిరస్తాదారు ఎవరో, కింద గుమాస్తాలు వాళ్ల బావమరుదులూ మేనల్లుళ్లూ. గుంటూరు జిల్లాలో ఈ చుట్టరికాల ముఠా ఎంత గట్టిదంటే, అక్కడి వ్యవహారం తేల్చడానికి 1840ల్లో వాల్టర్ ఇలియట్‌ని ప్రత్యేకంగా పంపాల్సి వచ్చింది. 1854లో రెవెన్యూ బోర్డు తన స్టాండింగ్ ఆర్డర్లలో 128వ నంబరు కింద ఒక మాట పెట్టింది: జిల్లాలో కింది ఉద్యోగాలు కొద్ది పలుకుబడి గల కుటుంబాల సొత్తు కాకుండా కలెక్టర్లు చూసుకోవాలి, ముఖ్యమైన కొలువులు వేర్వేరు కులాలకు పంచాలి. ఈ ముక్క అరవై ఏడేళ్లు ఫైళ్లలోనే నిద్రపోయింది. అమలు చేయాల్సింది కూడా ఆ కచేరీ వాళ్లే మరి.

1893 ఫిబ్రవరి 1న విద్యాశాఖ జీవో 68 వచ్చింది. అప్పటి సర్కారు భాషలో 'పంచములు' అనబడే వాళ్ల చదువు గురించి. పెద్ద పేటల్లో వేరే బడులు, బడికి పోరంబోకు స్థలం, పంతులు ట్రైనింగులో చేరే వాళ్ల పిల్లలకు వేతనం. చరిత్రకారులు దీన్ని పంచమ విద్యకు మాగ్నా కార్టా అంటారు. పేరు పెద్దదే. కానీ అగ్రహారం పక్క బడిలో ఆ పిల్లవాడిని కూర్చోనిచ్చే ధైర్యం జీవోకు లేదు, అందుకే వేరే బడి. పైగా పేటలో బడి పెట్టుకోవచ్చన్న సంగతి పేటకు చెప్పాల్సింది ఊరి కరణమో మునసబో. చెప్పకపోతే అడిగేవాడెవడు?

1916 నుంచి మద్రాసు గాలి మారింది. ఆ ఏడాది చివర పిట్టి త్యాగరాయ చెట్టి పేరున బ్రాహ్మణేతరుల మేనిఫెస్టో వెలువడింది. ఆయనా తెలుగువాడే, దేవాంగుల ఇంట పుట్టినవాడు. అందులో బలమంతా లెక్కలదే. 128 మంది జిల్లా మునసబుల్లో, అంటే కింది కోర్టు జడ్జీల్లో, 93 మంది బ్రాహ్మణులు, 140 మంది డిప్యూటీ కలెక్టర్లలో 77 మంది. ఆ వాదాన్ని తెలుగులో మోసిన పత్రిక 'ఆంధ్రప్రకాశిక'. ఆ బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ గద్దెనెక్కాక, కాళహస్తి వైపు జమీందారు పానగల్ రాజా ముఖ్యమంత్రిగా ఉండగా, 1921 సెప్టెంబరు 16న జీవో 613 వచ్చింది. అందులో కొత్త సూత్రమేమీ లేదు. 1854 నాటి ఆ 128వ ఆర్డరు దుమ్ము దులిపి, అన్ని శాఖలకూ అన్ని హోదాలకూ చాపారు. ఎవరిని ఎంతమందిని వేసుకున్నారో ఆరు నెలలకోసారి పట్టిక పంపమన్నారు. పట్టికలో ఆరు గడులు: బ్రాహ్మణులు, బ్రాహ్మణేతర హిందువులు, దేశీయ క్రైస్తవులు, ముస్లిములు, యూరోపియన్లూ ఆంగ్లో ఇండియన్లూ, తదితరులు.

అంటరానివాళ్లకు విడిగా గడి లేదు. యావన్మందిలో ఉన్నారు, పట్టికలో లేరు.

నిజానికి పేరు దగ్గరే పేచీ మొదలైంది. సర్కారు కాగితాల్లో ఉన్న మాటలు తిట్లలా వాడేవే. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ, పంచముడన్న మాటకు శాస్త్రాల్లో ఆధారం లేదు, ఈ నేలకు మొదటివాళ్లం మేమే అని, తమను ఆది ఆంధ్రులని చెప్పుకుంది. మద్రాసు శాసనమండలిలో అణగారిన కులాల నాయకుడు ఎం.సి. రాజా తీర్మానం పెట్టాడు. 1922 మార్చి 25న జీవో 817: ఇకమీదట సర్కారు కాగితాల్లో తమిళ ప్రాంతంలో ఆది ద్రావిడ, తెలుగు ప్రాంతంలో ఆది ఆంధ్ర అని రాయాలి. బెజవాడ పందిట్లో అనుకున్న మాట అయిదేళ్లలో గెజిట్ మాట అయింది. సర్కారు నోటీసులు ఇన్ని చూశాక నాకనిపించేది, జనం పెట్టుకున్న పేరును సర్కారు దిద్దకుండా అట్లాగే రాసుకోవడం అరుదు.

1924లో మరొకటి. శాసనమండలిలో ఆర్. వీరయ్యన్ తెచ్చిన తీర్మానం మీద జీవో 2660. ఏ కులంవాడైనా ఏ ఊరి వీధిలోనైనా నడవడానికి అభ్యంతరం లేదు. సర్కారు ఆఫీసులూ చెరువులూ బావులూ అందరివీ అని దాని సారం. దీన్ని గెజిట్‌లోనూ జిల్లా గెజిట్లలోనూ వేయాలన్నారు. అగ్రహారం వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడే ఈ కబురునూ ఊరికి చెప్పాల్సి వచ్చిన చోట్లు ఎన్ని ఉంటాయో ఊహించండి. తన వీధి హక్కును తనే డప్పు కొట్టి చెప్పాలి, అదీ దూరంగా నిలబడి.

డబ్బు సంగతి చూసింది లేబర్ డిపార్ట్‌మెంటు. 1920 నుంచి లేబర్ కమిషనరు కిందే ఇళ్ల స్థలాలు, పేట బావులు, బడులు, పిల్లల వేతనాలు నడిచాయి. పేరు లేబర్, పని మాత్రం అణగారిన కులాల సంక్షేమం. 1949లో అది హరిజన సంక్షేమ శాఖగా విడివడింది, ఇప్పుడది ఆది ద్రావిడర్ సంక్షేమ శాఖ. స్కాలర్‌షిప్పు కోసం ఇవాళ తిరిగే ఆఫీసుకు ముత్తాత ఆ లేబర్ కమిషనరే.

1927 నాటి కమ్యూనల్ జీవో, మరుసటి ఏడాది ఎస్. ముత్తయ్య ముదలియార్ మంత్రిగా ఉండగా అమల్లోకి వచ్చినది, పన్నెండు ఉద్యోగాల వరస వేసింది. బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లిములకు 2, క్రైస్తవులకూ ఆంగ్లో ఇండియన్లకూ కలిపి 2, అణగారిన కులాలకు 1. పన్నెండులో ఒకటి, అంటే నూటికి ఎనిమిది చిల్లర. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు ఇచ్చిన వాటా కూడా సరిగ్గా ఇంతే, నూటికి ఎనిమిదీ మూడోవంతు. ఆ రోజుల్లోనే అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిలులో ఉండి పట్టుబట్టడంతో పై చదువులకు కేంద్రం స్కాలర్‌షిప్పులు వచ్చాయి. ఇప్పటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు పుట్టింది 1944లో, ఇంకా తెల్లవాడి పాలనలోనే. మధ్యలో 1936లో షెడ్యూలు, అంటే ఏవి షెడ్యూల్డ్ కులాలో చెప్పే జాబితా, తయారైంది. మద్రాసు జాబితాలో ఆది ఆంధ్ర ఎక్కింది.

నోటీసుకు ఎంత బలముంటుందో చూపే కాగితం ఒకటుంది, స్వాతంత్ర్యం వచ్చాక వచ్చినదే అయినా పాత అచ్చులో పోసినది. 1949 డిసెంబరులో మద్రాసు పబ్లిక్ సర్వీస్ కమిషన్ 83 జిల్లా మునసబు ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చింది. హరిజనులకు 19, ముస్లిములకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతరులకు 32, బ్రాహ్మణులకు 11. వెంకటరమణ అనే అభ్యర్థి సుప్రీంకోర్టుకెక్కాడు. 1951 ఏప్రిల్ 9న కోర్టు, హరిజనులకూ వెనుకబడిన హిందువులకూ ఉంచినవి తప్ప మిగతా వాటాలు చెల్లవంది. అదే రోజు కాలేజీ సీట్ల మీద చంపకం దొరైరాజన్ కేసు తీర్పూ వచ్చింది. ఆవిడ మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టలేదని విచారణలో తేలింది. వాకబు చేసి, సీటు రాదని తెలుసుకుని, కోర్టుకు వెళ్లింది. నోటీసు మనిషిని గుమ్మం దాకా కూడా రానివ్వకుండా ఆపగలదు. ఆ సంగతి ఆది ఆంధ్రులకు అంతకుముందు వందేళ్లుగా తెలుసు, కోర్టులో చెప్పుకునే వీలే దొరకలేదు. ఆ జూన్‌లోనే, వెనుకబడిన వాళ్లకు సీట్లు ఉంచే వీలిస్తూ, రాజ్యాంగానికి మొదటి సవరణ చేశారు.

1953లో ఆంధ్ర వేరుపడింది, మద్రాసు అటు రాలేదు. కార్పొరేషన్‌లో ఊడ్చే పనికి నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. రాష్ట్రం మారినా, భాష సగం మారినా, జీవో 817 ఇచ్చిన పేరు మారలేదు. 2009లో తమిళనాడు ఎస్సీ వాటాలోంచి అరుందతియార్లకు మూడు శాతం విడిగా ఇచ్చినప్పుడు ఆ గుంపులో చేర్చిన ఏడు పేర్లలో ఆది ఆంధ్ర ఒకటి, మాదిగ ఇంకొకటి. ఆ పిల్ల సర్టిఫికెట్ మీద ఎస్సీ పక్కన బ్రాకెట్లో ఏ అని ఉండేది అందుకే.

ఈ-సేవైలో వాళ్ల వంతు వచ్చింది. కంప్యూటర్ దగ్గరున్న కుర్రాడు తమిళంలో "జాతి?" అన్నాడు, కులమేదని. పిల్ల చెప్పింది. అతను ఎస్సీ కులాల జాబితా తెరిచి కిందికి లాగబోయాడు.

"కిందికి పోవద్దు అన్నా," అంది పిల్ల. "మొదటిదే."