పెద్ద ఫిల్మ్ కెమెరా గురించి కాలువగట్టు మీద వినిపించే అపోహలు

మా కోనసీమలో కాలువగట్టున స్టాండు వేసి పెద్ద ఫిల్మ్ కెమెరా నిలిపి, నెత్తిన నల్లగుడ్డ కప్పుకుంటే చాలు, నలుగురూ చేరతారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సర్వేనా అండీ?" కాదని తేలాక అసలు ప్రశ్నలు మొదలవుతాయి. వాటిలో ఎక్కువసార్లు విన్నవి ఇవి.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల సరదా.

వాస్తవం: కొత్త షీట్ ఫిల్మ్ (ఒక్కో బొమ్మకు ఒక్కో విడి షీటు) ఖరీదే, కాదనను. అందుకే నేర్చుకునే రోజుల్లో దాని జోలికి పోవద్దు. ఎక్స్‌రే ఫిల్మ్ కొనండి. 8 బై 10 అంగుళాల షీటును ఎర్రలైటు వెలుగులో నాలుగు ముక్కలు చేస్తే 4 బై 5 అంగుళాల ఫిల్మ్ పట్టే కెమెరాకు నాలుగు నెగెటివ్‌లు వస్తాయి. హోల్డర్‌లోకి (ఫిల్మ్‌ను వెలుగు తగలకుండా ఉంచి కెమెరా వెనక అమర్చే పలక) జారాలంటే పొడవులోనూ వెడల్పులోనూ మరో ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గించాలి. ఐఎస్‌ఓ 80 (వెలుగుకు ఫిల్మ్ స్పందించే వేగం) అనుకుని మొదలుపెట్టి, రెండు మూడు షీట్లు చూశాక సరిచేసుకోవచ్చు.

అపోహ: ఎక్స్‌రే ఫిల్మ్ ఏదైనా ఒకటే.

వాస్తవం: నేను మొదట కొన్న పెట్టె లేజర్ ప్రింటర్లలో వాడే డ్రై ఫిల్మ్. డెవలపర్‌లో (బొమ్మను తేల్చే రసాయనం) పావుగంట ఊపినా బొమ్మ జాడ లేదు. ఆ రకంలో బొమ్మను తేల్చేది ప్రింటర్ వేడి, రసాయనం కాదు. అమ్మినాయనను అనడానికి లేదు, ఇప్పుడు ఆసుపత్రులు అడిగేవి ఎక్కువగా అవే. "డెవలపర్‌లో కడిగే పాత రకం, గ్రీన్ సెన్సిటివ్" అని నోరు తెరిచి అడగాలి. గ్రీన్ సెన్సిటివ్ అంటే ఆకుపచ్చ వెలుగుకూ స్పందించేది.

దొరికాక కూడా దాని గుణం తెలియాలి. ఫిల్మ్‌కు రెండు వైపులా పూత ఉంటుంది, తడిస్తే గోరు తగిలినా గీత పడుతుంది. నేను ట్రే అడుగున గాజుపలక వేసి, ఒక్కో షీటునే కడుగుతాను. ఇక రెండోది, దీనికి ఎరుపు కనిపించదు. ఎర్రలైటు కింద పని చేయగలిగేది అందుకే, తంటా కూడా అందుకే. మా మేనత్తను మండువా లోగిలి అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. వరిచేను చక్కగా వచ్చింది. పెంకులు బొగ్గులా, కుంకుమ బొట్టు కారునలుపుగా వచ్చాయి. ప్రింటు చూసి "ఈ వయసులో నాకు దిష్టిచుక్క ఏమిటిరా?" అంది.

అపోహ: షట్టర్ ఉన్న లెన్స్ లేకుండా కుదరదు.

వాస్తవం: ఫిల్మ్ బదులు ఫొటోలు ప్రింటు వేసే పేపరునే హోల్డర్‌లో పెడితే అవసరం లేదు. దాని వేగం సుమారు ఐఎస్‌ఓ 6. మంచి ఎండలో ఎఫ్ 16 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర సెకనులో ఆరో వంతు, ఎఫ్ 45 దగ్గర సుమారు ఒకటింబావు సెకను. అంత సమయానికి చేత్తో మూత తీసి పెట్టడం చాలు. మూలపడిన 150 మిల్లీమీటర్ల ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను పెద్దది చేసి ప్రింటు వేసే యంత్రం) లెన్స్ దొరికితే ఈ పనికి భేషుగ్గా సరిపోతుంది.

అపోహ: పాత స్టూడియో అటక మీది చెక్క కెమెరా దొరికితే పంట పండినట్లే.

వాస్తవం: ముందు చీకటి గదిలో బెల్లోస్ (లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య ఉండే మడతల సంచి) లోపల టార్చి వెలిగించి చూడండి. చాలావాటికి మడతల మూలల్లో వెలుగు చుక్కలు, అంటే చిల్లులు, కనిపిస్తాయి. దాని హోల్డర్లు గాజు ప్లేట్లకు చేసినవైతే, పల్చని ఫిల్మ్ లోతుగా కూర్చుని ఫోకస్ తప్పుతుంది, వెనక తగిన మందం అట్ట పెట్టాలి.

అపోహ: ఫోను చేయలేనిది ఇదేమీ చేయదు.

వాస్తవం: ద్రాక్షారామం గోపురం ముందు ఫోను పైకెత్తి చూడండి, గోపురం వెనక్కి వాలుతుంది. ఇక్కడ కెమెరాను వంచకుండా లెన్స్ పలకను మాత్రమే పైకి జరుపుతాం, గోపురం నిటారుగానే వస్తుంది.

అపోహ: మన ఎండల్లో ఇంట్లో ఫిల్మ్ కడగడం అసాధ్యం.

వాస్తవం: నన్ను నిజంగా ఏడిపించింది డబ్బు కాదు, ఇదే. డెవలపర్‌కు సాధారణంగా చెప్పే లెక్క 20 డిగ్రీలు. మే నెలలో మా మిద్దె మీది ట్యాంకు నీరు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వేడికి పూతలోని జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, ఒక్కోసారి అంచుల్లో ఊడివస్తుంది. నేను తెల్లవారుజామునే పని పెట్టుకుంటాను. ట్రేలను ఐసుముక్కలు వేసిన వెడల్పాటి బేసిన్‌లో ఉంచుతాను. ముందురోజు రాత్రే కడిగే నీళ్లు కుండల్లో పోసిపెడతాను. ఐసు డెవలపర్‌లో వేయకండి, పలచబడిపోతుంది.

జెలటిన్‌ను గట్టిపరిచేది పటిక. బిందెలో తిప్పి కాలువ నీళ్లు తేర్చుకున్నామే, అదే. అలాగని ముక్క చిదిపి హైపోలో (బొమ్మను నిలిపే ఫిక్సర్) వేస్తే గంధకం విరిగి ద్రావణం పాలలా అవుతుంది, నేను చేసి చూశాను. గట్టిపరిచే ఫిక్సర్ ఫార్ములాలో పటికతోపాటు సల్ఫైట్, ఎసిటిక్ ఆమ్లం కూడా ఉండేది ఊరికే కాదు.

అపోహ: డార్క్‌రూమ్, ఎన్‌లార్జర్, స్కానర్ అన్నీ ఉండాలి.

వాస్తవం: రాత్రిపూట స్నానాల గది, ఎర్రలైటు, మూడు ట్రేలు చాలు. నెగెటివే పెద్దది కాబట్టి పేపరు మీద పెట్టి, పైన గాజు పలక వేసి, బల్బు ఒక్క క్షణం వెలిగిస్తే ప్రింటు వచ్చేస్తుంది. బల్బు కూడా వద్దనుకుంటే 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ ఉంది. రెండు ఇనుప లవణాలు కలిపి కాగితానికి పూసి, నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే నీలి బొమ్మ వస్తుంది. మన ఎండ పనికొచ్చేది ఇక్కడే.

అపోహ: వాడిన ఫిక్సర్ ఉప్పునీళ్లలాంటిదే, ఎక్కడ పోసినా పరవాలేదు.

వాస్తవం: అందులో ఫిల్మ్ నుంచి కరిగిన వెండి ఉంటుంది. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న చోట మోరీలో పోయవద్దు. క్యానులో పోసి ఉక్కు పీచు వేసి ఉంచితే వెండి దాని మీదికి దిగుతుంది. పాత ఎక్స్‌రేలు కొనడానికి వచ్చే ఆయన నా క్యాను వైపు రెండేళ్లుగా చూస్తున్నాడు, ఇంకా బేరం కుదరలేదు.