బస్సు శరీరం, రైలు చక్రం: ఎల్‌ఈవీ-1 ప్రయోగం

ప్రయాణికులు తక్కువగా ఉండే బ్రాంచి లైన్లకు చవకైన డీజిల్ రైల్‌కారు కావాలి. బస్సులు మాత్రం ఫ్యాక్టరీలో వరసగా తయారవుతూనే ఉన్నాయి. ఆ బస్సు బాడీనే రైలు చట్రం మీద కూర్చోబెడితే? 1978లో బ్రిటిష్ రైల్ పరిశోధన విభాగం, బస్సులు తయారుచేసే లేలాండ్ సంస్థ కలిసి చేసిన ప్రయోగం ఇదే. దాని పేరు ఎల్‌ఈవీ-1. లేలాండ్ నేషనల్ బస్సు ముందు భాగాలు రెండింటిని వీపులు కలిపి అతికించినట్టుండే ఒకే పెట్టె, కింద రెండే ఇరుసులు, నాలుగు చక్రాలు.

బాడీ సంగతి తేలిగ్గానే తేలింది. లేలాండ్ నేషనల్ బాడీయే ముక్కలు ముక్కలుగా చేసి కలిపే పద్ధతిలో రూపొందింది కాబట్టి పొడవు పెంచడం, తగ్గించడం కష్టం కాదు. అసలు పరీక్ష చక్రాల దగ్గర ఎదురైంది.

రైలు చక్రం పట్టా మీద దొర్లే ముఖం నేరుగా ఉండదు, కొంచెం వాలుగా ఉంటుంది. కొత్త చక్రానికి ఆ వాలు సుమారు 20లో ఒక వంతు. ఇరుసు ఒక పక్కకు జరిగితే ఆ పక్క చక్రం పెద్ద వ్యాసం మీద, అవతలిది చిన్న వ్యాసం మీద దొర్లి, ఇరుసు దానంతటదే మధ్యకు తిరిగి వస్తుంది. అయితే మధ్యలో ఆగకుండా దాటిపోతుంది. ఈ అలల నడకకు 1883లోనే జర్మన్ ఇంజనీరు క్లింగెల్ సూత్రం రాశాడు. చక్రం వ్యాసార్ధం 0.42 మీటర్లు, పట్టాలను తాకే బిందువుల మధ్య దూరం ఒకటిన్నర మీటర్లు అనుకుంటే, ఒక అల పొడవు దాదాపు 16 మీటర్లు వస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు రెండు ఊపులు. చక్రం అరిగి వాలు ఐదులో ఒక వంతుకు చేరితే అల పొడవు 8 మీటర్లకు తగ్గి, సెకనుకు నాలుగు ఊపులవుతాయి. ఒక వేగం దాటాక ఈ ఊపు అణగదు, పెరుగుతూ పోయి చక్రాల లోపలి వైపు పొడుచుకొచ్చిన అంచులు పట్టాలను కొట్టడం మొదలవుతుంది. దీన్నే హంటింగ్ అంటారు. రెండు ఇరుసుల పాత గూడ్స్ వ్యాగన్లు వేగంగా వెళ్లినప్పుడు పట్టాలు తప్పడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

1960లలో డెర్బీ పరిశోధన కేంద్రంలో అలన్ వికెన్స్ బృందం దీన్ని గణితంతో లొంగదీసింది. ఇరుసు మెలి తిరగకుండా స్ప్రింగులు ఎంత బిగువుగా పట్టాలో, ఊపును అణచే డ్యాంపర్లు ఎంత శక్తిని మింగాలో లెక్కగట్టి, హెచ్‌ఎస్‌ఎఫ్‌వీ-1 అనే ప్రయోగాత్మక వ్యాగన్ తయారు చేశారు. ఆ పరిశోధన నుంచి వచ్చిన చట్రమే ఎల్‌ఈవీ-1 కింద ఉంది. నాలుగు చక్రాల పెట్టె వేగంగా, నిలకడగా పోగలదని నిరూపించడం నిజంగా గొప్ప పని. ఈ ప్రయోగంలో మెచ్చుకోవలసిన భాగం కూడా అదే.

కానీ నేరు దారిలో ఇరుసును నిలబెట్టే ఆ బిగువే వంపులో శత్రువవుతుంది. ఎల్‌ఈవీ-1 బాటలోనే 1985 నుంచి వచ్చిన క్లాస్ 142 రైళ్లలో ఇరుసుల మధ్య దూరం 9 మీటర్లు. 200 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో ఒక్కో ఇరుసు ఉండవలసిన దిశ నుంచి సుమారు 1.3 డిగ్రీలు పక్కకు నిలుస్తుంది. మామూలు పెట్టెల కింద 2.6 మీటర్ల ఎడంతో రెండేసి ఇరుసులుండి, విడిగా తిరిగే చట్రాలు ఉంటాయి. వాటిలో ఈ తేడా 0.4 డిగ్రీల లోపే. చక్రం వాలు వంపులో ఆదుకుంటుందా? అదే వంపులో జారకుండా దొర్లాలంటే ఇరుసు 31 మిల్లీమీటర్లు పక్కకు జరగాలి. అంచుకూ పట్టాకూ మధ్య ఉన్న సందు ఏడెనిమిది మిల్లీమీటర్లకు మించదు. కాబట్టి చక్రం దొర్లుతూనే అడ్డంగా ఈడ్చుకుపోతుంది. అంటుకుంటూ జారుతూ కంపించి, కీచుమని అరుస్తుంది. అంచు త్వరగా అరిగిపోతుంది.

నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్, కార్న్‌వాల్ బ్రాంచి లైన్లకు పంపిన 142లకు సరిగ్గా ఇదే జరిగింది. మెలికల దారుల్లో చక్రాల అరుగుదల భరించలేక, కొద్ది ఏళ్లలోనే వాటిని ఉత్తర ఇంగ్లండ్‌కు తరలించారు. లైన్‌లో అన్నిటికన్నా బిగుతైన వంపు వ్యాసార్ధం కనుక్కోకుండా ఇరుసుల ఎడం నిర్ణయించకూడదు. ఈ రైల్‌కార్ల విషయంలో అన్నిటికన్నా ఖరీదైన పాఠం ఇదే.

ఇంజను వైపు చెప్పవలసింది తక్కువ. 142లలో పెట్టెకు 200 హార్స్‌పవర్ లేలాండ్ ఇంజను, బస్సుల్లో వాడే రకం నాలుగు గేర్ల పెట్టె, తిప్పే ఇరుసు ఒక్కటే. పాతిక టన్నుల బరువుకు ఆ గేర్‌పెట్టెలు తట్టుకోలేక పదే పదే పాడయ్యాయి. చివరికి వాటి స్థానంలో నూనె ద్వారా శక్తిని చక్రాలకు చేర్చే వోయిత్ హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్, 230 హార్స్‌పవర్ కమిన్స్ ఇంజన్లు బిగించారు. ఆకులు రాలే కాలంలో తడి ఆకుల జిగురు పట్టాల మీద పేరుకుంటుంది. తేలికైన పెట్టె, తిప్పే ఇరుసు ఒక్కటే కావడంతో బయల్దేరేటప్పుడు చక్రం తిరుగుతూ జారేది, బ్రేకు వేస్తే తిరగకుండానే జారేది.

బాడీ బలం మీద సందేహం మొదటినుంచీ ఉంది. బస్సు బాడీ రైలు పెట్టెలా కొన నుంచి కొనకు నెట్టుడును మోయలేదు, ఆ భారమంతా కింది చట్రానిదే. 1999 జూన్ 23న ఇంగ్లండ్‌లోని విన్స్‌ఫర్డ్ దగ్గర ఒక ఎక్స్‌ప్రెస్ రైలు ఒక 142ను వెనకనుంచి ఢీకొంది. ప్రాణనష్టం జరగలేదు గానీ, బాడీ తన చట్రం మీద నుంచి పక్కకు తప్పిపోయింది. ఢీకొన్నప్పుడు బాడీ, చట్రం ఒక్కటిగా పనిచేయాలంటే వాటిని మొదటినుంచే ఒకే నిర్మాణంగా గీయాలి. తర్వాత బిగించే బోల్టులతో ఆ పని కాదు.