జాబ్ అనాలిసిస్, జాబ్ ఎవాల్యుయేషన్: గోదావరి జిల్లాల్లో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, మండపేట వైపు రొయ్యల ప్లాంట్లలో, రైస్ మిల్లుల్లో హెచ్‌ఆర్ పని చేస్తూ నాకు 16 ఏళ్లయింది. ఎక్కడికెళ్లినా జీతాల గొడవ చివరికి ఒక్క మాట దగ్గరే ఆగుతుంది: "ఆయనకంత, నాకింతేనా?" దీనికి సరైన జవాబు చెప్పాలంటే ముందు ఏ పనిలో ఏముందో తెలుసుకోవాలి, అది జాబ్ అనాలిసిస్. ఆ తర్వాత ఆ పనిని మిగతా పనుల పక్కన పెట్టి ఎంత తూగుతుందో చూడాలి, అది జాబ్ ఎవాల్యుయేషన్. ఈ రెండింటి మీద ఉన్నన్ని అపోహలు మా ఫీల్డులో ఇంక దేనిమీదా లేవు.

అపోహ: కాగితం పట్టుకుని ఎవరైనా పక్కన నిలబడ్డారంటే మనుషుల్ని తీసేయడానికే.

ఈ భయం ఊరికే రాలేదు, కొన్నిచోట్ల అలా చేశారు కూడా. కానీ జాబ్ అనాలిసిస్‌లో రాసుకునేది పని గురించి: ఏం చేస్తారు, దేనితో చేస్తారు, ఎవరికి జవాబు చెప్పాలి, ఎలాంటి చోట నిలబడి చేస్తారు, దానికి ఏం వచ్చి ఉండాలి. మనుషుల పేర్లు అందులో ఉండవు. ఎవర్ని తగ్గించొచ్చో కూడా పనిలో పనిగా చెప్పమని ఏ యజమానైనా అడిగితే నేను ఒప్పుకోను. ఒక్కసారి అలా చేశామంటే ఆ ప్లాంటులో ఇంకెవరూ మనకు నిజం చెప్పరు.

అపోహ: జేడీ (జాబ్ డిస్క్రిప్షన్, అంటే ఏ పనిలో ఏముందో రాసిన కాగితం) మన ఆఫీసులో కూర్చునే రాసేయొచ్చు, నెట్‌లో బోలెడు దొరుకుతాయి.

ఒక రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ టేబుల్ పనికి జేడీ చూపించమంటే ఒకే లైను ఉన్న కాగితం ఇచ్చారు: "సైజు ప్రకారం రొయ్యలను వేరు చేయుట." నేను రెండు షిఫ్టులు ఆ టేబుల్ పక్కనే నిలబడ్డాను. తలకాయ తీసిన రొయ్యలు ఐసు ముక్కలతో కలిసి టేబుల్ మీద పడతాయి, పౌండుకు 21 నుంచి 25 తూగేవి ఒక పక్కకి, 26 నుంచి 30 తూగేవి ఇంకో పక్కకి పోవాలి, లెక్క వేసి చూస్తే రొయ్యకి సగటున మూడు నాలుగు గ్రాముల తేడా, సరిహద్దులో ఉన్నవాటికైతే గ్రాము కూడా ఉండదు. అదే చేత్తో మచ్చ పడ్డవి, పెంకు వదులైనవి, విరిగినవి కూడా ఏరేయాలి. ఎలా తెలుస్తుందమ్మా అని ఆ టేబుల్ దగ్గర పనిచేసే ఒకావిడని అడిగాను. "చేతికి తెలిసిపోద్దండి, కళ్లతో చూస్తా కూర్చుంటే లేటైపోద్ది" అందావిడ, చెయ్యి ఆపకుండానే.

అమెరికన్ సైకాలజిస్టు జాన్ ఫ్లానగన్ 1954లో ఒక పద్ధతి గురించి రాశాడు. పనంతా వర్ణించమని అడగకుండా, పని బాగా జరిగిన, లేదా చెడిపోయిన ఒక ఫలానా సంఘటన చెప్పమని అడగాలి. నేనూ అలాగే, మీ వల్ల నష్టం తప్పిన రోజు ఏదైనా ఉందా అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది: ఒకరోజు టబ్బు అడుగున ఐసు కరిగిపోయి సరుకు మెత్తబడిందట, చేతికి తగలగానే టేబుల్ ఆపించి సూపర్‌వైజర్ని పిలిచిందట. ఆ సరుకు మంచి లాట్‌లో కలిసి ఉంటే ఏమయ్యేదో ఎక్స్‌పోర్ట్ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ ఒక్క లైను జేడీలో ఇదెక్కడుంది?

అపోహ: బాగా పనిచేసేవాడి ఉద్యోగానికి ఎక్కువ పాయింట్లు పడతాయి.

పడవు. ఎవాల్యుయేషన్‌లో పాయింట్లు వేసేది పనికి, చేసే మనిషికి కాదు. మనిషి ఎలా చేస్తున్నాడన్నది అప్రైజల్ చూసుకుంటుంది, ఇంక్రిమెంట్ అక్కడ ఇవ్వండి. ఎవాల్యుయేషన్‌లో సీటు ఖాళీగా ఉందనుకుని చూడాలి. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర 20 ఏళ్ల అనుభవం ఉన్నాయన ఉన్నా, నిన్న చేరిన కుర్రాడు ఉన్నా, నీటి మట్టం, ఆవిరి ప్రెషర్ కనిపెట్టుకుని ఉండే బాధ్యత అదే, చట్టప్రకారం ఉండాల్సిన సర్టిఫికెట్టూ అదే. యజమాని బావమరిది ఆ సీట్లో కూర్చున్నంత మాత్రాన పాయింట్లు పెరగవు.

అపోహ: పాయింట్లు వేశాక అది లెక్క, ఇక వాదనే ఉండదు.

నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే కొన్నాళ్లు నేనూ దీన్నే నమ్మాను. పాయింట్ల పద్ధతి 1920లలోనే వచ్చింది. నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పనిచేసే పరిస్థితులు అని నాలుగు అంశాలు పెట్టి ఒక్కోదానికి పాయింట్లు వేస్తాం. కూడిక వరకు లెక్కే, కానీ దేన్ని శ్రమ అంటామో తేల్చేది మనుషులే.

ఆ రొయ్యల ప్లాంటుకి నేను వేసిన మొదటి పట్టికలో శ్రమకి 100 పాయింట్లు పెట్టి, ఎన్ని కిలోలు ఎత్తుతారన్నదే కొలతగా తీసుకున్నాను. లోడింగ్ కుర్రాళ్లకి 85 వచ్చాయి, గ్రేడింగ్ ఆడవాళ్లకి 35. లోడింగ్ పని కష్టమే, ఆ 85లో ఒక్క పాయింటు కూడా తగ్గించక్కర్లేదు. మరి షిఫ్టంతా గమ్‌బూట్లతో తడి నేల మీద నిలబడి, చల్లటి సరుకులో వేళ్లు ఆడిస్తూ, గ్రాము తేడా పట్టుకునే పనిని ఏమంటాం? శ్రమ అంటే చూపు నిలపడం, కదలకుండా నిలబడటం, వేళ్ల పనితనం కూడా అని నిర్వచనం మార్చి, వాళ్లలోంచే ఇద్దర్ని కమిటీలో కూర్చోబెట్టి మళ్లీ వేస్తే 35 కాస్తా 70 అయింది. బాధ్యత కింద కూడా పెరిగాయి. యాజమాన్యం ఒకేసారి ఇవ్వలేమంది, రెండు విడతల్లో పెంచింది.

ఇందులో ఎవరూ దయ చూపించింది లేదు. ఆడా మగా తేడా లేకుండా సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది, ఇప్పుడది 2019 వేతనాల కోడ్‌లో కలిసి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. ఒకే రకం పనో కాదో తేల్చడానికి ఆ కోడ్ చూడమన్నవి నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత, పరిస్థితులు. 1987లో, మగ స్టెనోగ్రాఫర్ల కన్నా తక్కువ జీతమిచ్చారని ఒక మహిళా స్టెనోగ్రాఫర్ వేసిన ఆడ్రీ డికోస్టా కేసులో సుప్రీంకోర్టు కూడా కాగితం మీద చేయగలిగిన పనుల్ని కాకుండా నిజంగా చేస్తున్న పనుల్నే పోల్చి చూడాలంది. మరి ఆ పని ఏంటో ఎవరూ రాసి పెట్టకపోతే దేన్ని పోలుస్తారు?

అపోహ: చిన్న మిల్లుకి ఇవన్నీ ఎందుకండీ.

పాయింట్లు అక్కర్లేదు, ఒప్పుకుంటాను. 12 రకాల పనులుంటే రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో అడగండి, మొత్తం 66 జతలు, ఒక పూట పని. అయితే ముందు గుమాస్తా ఏం చేస్తున్నాడో రాయండి. కాటా, తేమ చూడటం, లారీ బిల్లులు, హమాలీల లెక్కలు అన్నీ ఆయన తలలోనే ఉంటాయి, ఆయన వారం రోజులు పెళ్లికెళ్తే మిల్లంతా టెన్షనే.

అపోహ: ఒకసారి చేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు.

రంగు చూసి గింజలు వేరు చేసే సార్టెక్స్ మిషన్ దిగాక బియ్యంలో నల్ల గింజలు చేత్తో ఏరే పని పోయింది. అదే మనిషి ఇప్పుడు లాట్ మారినప్పుడల్లా మిషన్ సెట్టింగ్ మారుస్తున్నాడు, మంచి బియ్యం రిజెక్ట్‌లోకి పోకుండా చూస్తున్నాడు. రిజిస్టర్‌లో మాత్రం ఇంకా హెల్పరే, జీతమూ హెల్పర్‌దే. కొత్త మిషన్ దిగిన నెలలోనే ఆ జేడీ కాగితం బయటికి తీసి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయండి.