ఐదు వేల గాజు పోగులు, అన్నీ ఒకేలా

విశ్వం విస్తరణను వేగవంతం చేస్తున్న డార్క్ ఎనర్జీ కాలంతో పాటు బలహీనపడుతోందేమోనన్న సూచన 2025 మార్చిలో, గెలాక్సీల దూరాలు కొలిచే డెసీ (DESI) సర్వే నుంచి వచ్చింది. అప్పుడు అందరం విశ్వం గురించే మాట్లాడుకున్నాం. ఆ గెలాక్సీల వెలుతురును మోసుకొచ్చిన 5,000 ఆప్టికల్ ఫైబర్ల వెనక నలభై ఏళ్ళ కష్టం ఉంది.

1970ల దాకా గెలాక్సీల వర్ణపటాలను (వెలుతురును రంగులుగా విడదీసిన పట్టీలను) చాలావరకు ఒక్కొక్కటిగానే తీసేవాళ్ళు. 1979లో అరిజోనాలోని స్టీవార్డ్ అబ్జర్వేటరీ బృందం ఒక పలకకు గెలాక్సీల ప్రతిబింబాలు పడేచోటల్లా రంధ్రాలు వేసి, వాటిలో ఫైబర్లు బిగించింది. అవతలి కొసల్ని వరుసగా పేర్చి, వర్ణపటాలు తీసే స్పెక్ట్రోగ్రాఫ్‌కు కలిపింది. ఒక్క దెబ్బకు ఎన్నో గెలాక్సీలు! పాముల జుట్టున్న గ్రీకు పురాణ పాత్ర మెడూసా పేరే దానికి పెట్టారు.

అసలు చిక్కు ఫైబర్ స్వభావంలోనే ఉంది. ఇంటర్నెట్ కేబుల్‌లో సంకేతం అవతలికి చేరితే చాలు. ఇక్కడ వెలుతురు ఎంత వెడల్పు శంకువుగా లోపలికి వెళ్ళిందో దాదాపు అంతే వెడల్పుతో బయటికి రావాలి. ఫైబర్ కాస్త నలిగినా, జిగురు ఆరుతూ బిగుసుకున్నా, కొస పాలిష్ కుదరకపోయినా ఆ శంకువు విచ్చుకుంటుంది. అంచుల్లోని వెలుతురు వృథా అవుతుంది. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. దూరపు గెలాక్సీల కంటే రాత్రి ఆకాశపు మసక వెలుగే ఎక్కువ. ఖాళీ ఆకాశాన్ని చూసే కొన్ని ఫైబర్లతో దాన్ని కొలిచి, మిగతావాటి లెక్కలోంచి తీసేస్తారు. ఫైబర్లు తలా ఒకలా ఉంటే ఆ తీసివేతే తప్పుతుంది. అందుకే పది మేలైన ఫైబర్లు చేయడం కంటే వెయ్యి ఫైబర్లు ఒకేలా చేయడమే గొప్ప పనితనం అంటాను.

గెలాక్సీల పటం గీసిన స్లోన్ సర్వే మొదట్లో ఒక్కో అల్యూమినియం పలకకు 640 ఫైబర్లు చేత్తోనే గుచ్చేవాళ్ళు. ఏది ఏ రంధ్రంలో పడిందో తర్వాత వెలుతురు పంపి గుర్తుపట్టేవాళ్ళు. అన్నీ దాదాపు సమానంగా పనిచేస్తేనే అలాంటి ధీమా వస్తుంది.

డెసీకి చేతిపని చాలదు. అరిజోనాలో కిట్ పీక్‌లోని 4 మీటర్ల మేయాల్ టెలిస్కోప్ పైన 5,000 చిన్న రోబోలు, ఒక్కోదానికి వెలుతురు నడిచే నడిమి భాగం (కోర్) 107 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో దాదాపు పదో వంతు, ఉన్న ఫైబర్. అక్కడి నుంచి పది స్పెక్ట్రోగ్రాఫ్‌లకు దాదాపు 50 మీటర్ల కేబుళ్ళు. రోబోలో కూర్చునే పొట్టి ముక్కను, పొడుగు కేబుల్‌ను విడివిడిగా తయారుచేశారు. రెంటినీ కనెక్టర్‌తో కలపడం సులువే, కానీ వెలుతురు నష్టపోతుంది. అందుకని కొసలు కరిగించి అతికే స్ప్లైసింగ్‌ను ఎంచుకున్నారు. మన వీధిలో ఫైబర్ తెగితే నెట్ వాళ్ళొచ్చి చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ అతుకు దగ్గర శంకువు విచ్చుకోకూడదు, అదీ ఐదు వేల అతుకుల్లో. ఆ ఫైబర్లతోనే 2021 మేలో సర్వే మొదలైంది.