ఆ నడక ఎవరిది?

చిరంజీవులు చిన్నీకీ, బుజ్జిగాడికీ తాతయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, నానమ్మా క్షేమం. మీరు వెళ్లి వారమైనా ఇల్లు ఇంకా బోసిగానే ఉంది. వెళ్లే ముందు రోజు రాత్రి మనం మాయాబజార్ చూస్తుంటే చిన్నీ ఒక మాట అడిగింది, గుర్తుందా? "వీళ్లలో ఇప్పుడు ఎవరున్నారు తాతయ్యా?" అని. నేను పెద్దగా ఆలోచించకుండా "ఎవరూ లేరమ్మా" అనేశాను. అప్పటిదాకా పకపకా నవ్విన పిల్ల టక్కున ఆగిపోయింది. "అయితే చనిపోయినవాళ్లని చూసి నవ్వుతున్నామా మనం?" అంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా టీవీ వైపు తిరగలేదు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ వారమంతా అదే మనసులో తిరుగుతోంది.

నేను చెప్పింది నిజమే. ఆ సినిమా 1957లో వచ్చింది. అందులో పెద్ద వేషాలు వేసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. శకునిగా వేసిన సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు 1963లో పోయారు. ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు గారు 1974లో, లక్ష్మణకుమారుడు రేలంగి గారు 1975లో, శశిరేఖ సావిత్రి గారు 1981లో, హిడింబి సూర్యకాంతం గారు 1994లో, కృష్ణుడు ఎన్.టి. రామారావు గారు 1996లో పోయారు. అభిమన్యుడు అక్కినేని గారు 2014 దాకా ఉన్నారు. కానీ మీరు నవ్వింది ఈ తేదీలను చూసి కాదు కదమ్మా. వాళ్లు చేసిన పనిని చూసి నవ్వారు. ఆ పని గురించే మీకు చెప్పాలని ఉంది.

సినిమాలోకి రాకముందు ఈ మనుషులు ఏం చేసేవారో తెలుసా? రంగారావు గారు అగ్నిమాపక శాఖలో పనిచేశారు. ఫైరింజన్ ఉద్యోగం అన్నమాట! నాటకాల మీద ప్రాణం ఉండి అది వదిలేశారు. 1947లో వచ్చిన మొదటి సినిమా వరూధిని ఆడలేదు. ఇంకెవరూ పిలవకపోతే జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగం చేసుకున్నారు. మళ్లీ మద్రాసు వచ్చి, 1951లో పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడి వేషం కట్టాక గానీ ఆయనంటే ఏమిటో జనానికి తెలియలేదు. తర్వాత నర్తనశాలలో కీచకుడిగా వేసినందుకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. నూజివీడులో పుట్టిన మనిషికి ఎక్కడో ఇండోనేషియాలో!

సి.ఎస్.ఆర్. గారిది ఇంకో కథ. రంగస్థలం మీద ఆయన కృష్ణుడు. 1936లో వచ్చిన ద్రౌపదీ వస్త్రాపహరణం సినిమాలోనూ ఆయనే కృష్ణుడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి వేరే కృష్ణుడి ముందు శకునిగా నిలబడ్డారు. ఈసారి చూసినప్పుడు ఆయన మొహం గమనించండి. పెదవి చివర చిన్న నవ్వు, అంతే. నాటకంలో అలా నవ్వితే మూడో వరసకు కూడా కనపడదు. అక్కడ కోపం వస్తే చెయ్యంతా విసరాలి, దుఃఖం వస్తే ఒళ్లంతా కుంగాలి. సినిమాకి వచ్చేసరికి కెమెరా ముక్కు మీదికి వస్తుంది. అలవాటైన ఆ పెద్ద పెద్ద కదలికలన్నీ చిన్నవి చేసుకోవాలి. పేరున్న నాటకాల వాళ్లకి చాలామందికి అది చేతకాక సినిమాల్లో నిలబడలేకపోయారు. సి.ఎస్.ఆర్. గారు నేర్చుకున్నారు.

అసలు నాటకం ఎలా ఉండేదో మీరు చూడలేదు కాబట్టి కాస్త చెబుతాను. నేను మీ వయసులో ఉన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక చాప చంకన పెట్టుకుని వెళ్లేవాళ్లం. తెల్లవారుజామున గానీ తిరిగొచ్చేవాళ్లం కాదు. కాంట్రాక్టు నాటకాలని ఉండేవి. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపించి, అందరినీ ఒకే రాత్రి ఒకే స్టేజీ మీద నిలబెట్టేవాడు. నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ వచ్చే పడక సీనులో ఒక కృష్ణుడు ఉంటాడు, రాయబారం సీనుకి ఇంకో కృష్ణుడు వస్తాడు. అదేమిటని ఎవరూ అడగరు. ఎవరి కృష్ణుడు గొప్పో తేల్చుకోవడానికే సగం మంది వస్తారు. పద్యం చివర రాగం అందుకుంటే జనం కదలకుండా వినేవాళ్లు. ఆపగానే "వన్స్ మోర్" అని అరుపులు. మళ్లీ మొదటి నుంచీ పాడాల్సిందే.

ఒక రాత్రి ఈలపాట రఘురామయ్య గారిని చూశాను. కృష్ణుడి వేషం. పద్యం నోటితో పాడి, ఆపి, వేలు మడిచి నోట్లో పెట్టుకుని అదే పద్యాన్ని ఈలగా వేశారు. మామూలు ఈల కాదమ్మా, గమకాలతో సహా మొత్తం పద్యం! నా పక్కన కూర్చున్న ముసలాయన కళ్లు తుడుచుకోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. నాటకం అయ్యాక తెర వెనక్కి దూరి చూశాను. ఆయన పీట మీద కూర్చుని కొబ్బరినూనెతో మొహానికి పూసిన రంగు తుడుచుకుంటున్నారు. సగం మొహం కృష్ణుడిది, సగం అలసిపోయిన మనిషిది. ఆయనకు 1975లో పద్మశ్రీ వచ్చింది, ఆ సంవత్సరమే పోయారు.

నాటకం వాళ్ల గురించి తలచుకుంటే నాకు బాధ వేసేది ఇక్కడే. ఆ రాత్రి ఆయన వేసిన ఈల ఆ రాత్రికే అయిపోయింది. అంతకు ముందు తరం వాళ్లకైతే గ్రామఫోను రికార్డులో నాలుగు పద్యాలు, ఒకటో రెండో ఫొటోలు మిగిలితే గొప్ప. సినిమాలు మాత్రం నిలిచాయా అంటే, మొదట్లో వచ్చినవి చాలా పోయాయి. ఆ కాలపు ఫిల్ము ఇట్టే అంటుకునే రకం. పైగా అందులో వెండి ఉండేది. ఆడటం అయిపోయిన ప్రింట్లను ఆ వెండి కోసం కరిగించేసేవాళ్లు. ఎవరి నటన ఏ గరిటెడు వెండిగా మారిందో ఎవరికీ తెలియదు.

బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి గురించి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. మగవాడై ఉండి ఆడవేషాలకు పేరు తెచ్చుకున్నారు. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, అన్నీ ఆయనే. సత్యభామగా వచ్చి జడ ముందుకు వేసుకుని నిలబడితే, ఆడవాళ్లు ఆ నిలబడే తీరు చూసి నేర్చుకునేవారని మా అమ్మ చెప్పేది. కృష్ణుణ్ణి తన మాట దాటనివ్వనని సత్యభామ పాడే "మీరజాలగలడా" పాట ఉంది చూడండి, అది ఆ వేషం కోసం ఆయన స్వయంగా రాసుకున్నదే. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం సినిమాలో సుశీల గారు పాడగా జమున గారు అదే పాటకు నటించారు. స్థానం వారు 1971లో, జమున గారు 2023లో పోయారు. పాట మాత్రం చిన్నీ డాన్స్ క్లాసు దాకా వచ్చింది. నువ్వు యానివర్సరీకి చేసింది ఆ పాటే చిట్టితల్లీ. ఆ రోజు చెప్పి ఉండాల్సింది నీకు.

ఆడవేషం ఆడవాళ్లే ఎందుకు వేయలేదని మీకు అనుమానం రావచ్చు. మంచి కుటుంబాల ఆడవాళ్లు స్టేజీ ఎక్కకూడదనేవాళ్లు అప్పట్లో. బళ్లారి రాఘవ గారు దాన్ని ఒప్పుకోలేదు. పగలు కోర్టులో లాయరు, రాత్రి నటుడు. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను నాటకాల్లోకి తీసుకొచ్చారు. స్థానం వారంటే నాకెంత భక్తి ఉన్నా, ఈ విషయంలో రాఘవ గారి మాటే న్యాయమని నా అభిప్రాయం. ఇక కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లకైతే ఈ గొడవే లేదు. కుటుంబం కుటుంబమంతా నటులే, ఇంటి ఆడపిల్లలే ఆడవేషాలు వేసేవాళ్లు. మన మొదటి తెలుగు టాకీ, అంటే మాటలున్న సినిమా, భక్త ప్రహ్లాద 1932లో వచ్చినప్పుడు అందులో లీలావతిగా వేసింది ఆ సురభి కుటుంబం నుంచి వచ్చిన కమలాబాయే.

బుజ్జిగాడు సూర్యకాంతం గారిని గయ్యాళి వేషాల్లో చూసి భయపడతాడు కదా. ఒరేయ్ నాన్నా, ఆవిడ బయట అలా ఉండేది కాదు. ఎంతో మెత్తని మనిషి, ఇంటి నుంచి వండి తెచ్చి షూటింగులో అందరికీ పెట్టేది. ఎడమ చెయ్యి అలా విసిరి మాట్లాడటం ఎంత నమ్మించిందంటే, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారు జనం.

ఇంకొక్క సంగతి. ఇంటర్నెట్‌లో వీళ్ల గురించి వెతికితే ముందుగా కనిపించేవి చివరి రోజుల కథలే. సావిత్రి గారు పందొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి పోయారని, నటుడు నాగయ్య గారు అడిగినవాళ్లకల్లా ఇచ్చేసి చివరికి చిన్నాచితకా వేషాలు వేశారని. అవి నిజాలే, దాచమని నేననను. కానీ నాగయ్య గారంటే ఆరేళ్లలోపు పోతన, త్యాగయ్య, వేమన ముగ్గురినీ తెర మీద నిలబెట్టిన మనిషి. త్యాగయ్యకి దర్శకుడు కూడా ఆయనే. సావిత్రి గారు 1968లో చిన్నారి పాపలు అనే సినిమాకి దర్శకురాలు, దానికి చాలావరకు ఆడవాళ్లనే పెట్టుకుని పనిచేశారు. జబ్బు గురించి వంద మంది చెబుతారు, ఈ మాట ఎవరో ఒక్కరు చెబుతారు. నాకది బొత్తిగా నచ్చదు.

చిన్నీ, నువ్వు మొహం తిప్పేసుకున్నది సరిగ్గా ఏ సీను దగ్గరో తెలుసా? ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారి, పెళ్లికూతురిగా గదిలో ఒక్కడే ఉన్నప్పుడు. అక్కడ ఉన్నది ఇరవై ఏళ్లు దాటిన అమ్మాయి, సావిత్రి. ఎవరైనా వస్తే తల దించుకుని సిగ్గుపడుతుంది. వాళ్లు వెళ్లగానే భుజాలు వెడల్పవుతాయి, ఛాతీ ముందుకొస్తుంది, అడుగు బరువుగా పడుతుంది. పాటలో ఆడగొంతు సుశీల గారిది, మధ్యలో వచ్చే మగగొంతు ఘంటసాల గారిది. నడక మాత్రం రంగారావు గారిది. ఆయన ఆ ఫ్రేములోనే లేరు! ఆయన నడకను ఆవిడ తన ఒంట్లోకి తెచ్చుకుంది. అందుకే మనకి గదలేని ఘటోత్కచుడు పట్టుచీరలో కనిపించి నవ్వొస్తుంది. ఆయనను చూసి ఆవిడ ఎంత శ్రద్ధగా నేర్చుకుందో ఆ నడకలో కనపడుతుంది.

నువ్వు నవ్వింది దానికి. నవ్వకూడని పనేమీ చెయ్యలేదు తల్లీ.

దసరా సెలవులకు రండి. ఆ సీను ముందు మామూలుగా చూద్దాం, తర్వాత సౌండ్ తీసేసి చూద్దాం. సావిత్రి ఎక్కడెక్కడ రంగారావు అవుతుందో ముగ్గురం విడివిడిగా కాగితం మీద రాసుకుందాం. నా లెక్కలో తొమ్మిది చోట్ల దొరికాడు. బుజ్జిగాడి కళ్లకి ఇంకా ఎక్కువే దొరుకుతాడనుకుంటా.

మీ
తాతయ్య