మాగాయ ఊట ఎక్కడిది?

బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

"జాడీ పొడిగా తుడిచాం, చుక్క నీళ్లు పొయ్యలేదు. మూడో రోజుకి అంత ఊట ఎలా వచ్చింది తాతా?" అని మొన్న ఫోన్లో అడిగారు. ఫోన్లో చెబితే మధ్యలో మీ మామ్మ అందుకుంటుంది, అందుకే రాస్తున్నాను.

ఆ నీళ్లు మామిడికాయవే. ముక్కలోని ప్రతి కణం చుట్టూ పల్చటి పొర ఉంటుంది. మీ పుస్తకంలో విచక్షణా త్వచం అంటారే, అదే. నీళ్లని పోనిస్తుంది, ఉప్పుని అంత తేలిగ్గా పోనివ్వదు. ఉప్పు నీళ్లని లాగేసిందని అందరూ అంటారు. నేనూ క్లాసులో ఏళ్ల తరబడి అలాగే చెప్పాను గానీ, అది సగం మాటే. నీళ్లు ఎప్పుడూ రెండు వైపులకీ పోతూనే ఉంటాయి. ఉప్పు కలిసిన వైపు నీటి వాటా తక్కువ కాబట్టి, అటునుంచి తిరిగొచ్చేది తక్కువ, ఇటునుంచి పోయేది ఎక్కువ. ఈ తేడా ఎంత పెద్దదైతే ఊట అంత జోరుగా దిగుతుంది. రెండు వైపులా సమానమైనా రాకపోకలు ఆగవు, పోయినన్ని వస్తాయి అంతే. దీని పేరే ద్రవాభిసరణ. రోజులు గడిచి కణాలు చచ్చాక పొర పాడై, ఉప్పు కూడా లోపలికి దిగుతుంది. ముక్కకి రుచి పట్టేది అప్పుడే.

ఒక పని చెయ్యండి. మూడు గ్లాసుల నీళ్లు తీసుకోండి. ఒకదాంట్లో ఏమీ వద్దు, ఒకదాంట్లో చెంచా పంచదార, ఒకదాంట్లో చెంచా ఉప్పు. మూడింటిలోనూ సన్నగా తరిగిన బంగాళాదుంప ముక్కలు వేసి రెండు మూడు గంటలు వదిలెయ్యండి. ఉప్పు నీళ్లలోది వేలాడిపోతుంది. పంచదార నీళ్లలోది మాత్రం గట్టిగానే ఉంటుంది! ఎందుకంటే ఇక్కడ లెక్క బరువుది కాదు, కణికల సంఖ్యది. పంచదార అణువు చాలా పెద్దది, పైగా నీళ్లలో విడిపోదు. ఉప్పు సోడియం, క్లోరైడ్‌గా రెండు ముక్కలవుతుంది. ఒకే బరువు తీసుకుంటే ఉప్పు నుంచి దాదాపు 12 రెట్లు ఎక్కువ కణికలు వస్తాయి.

మన నౌపడ ఉప్పు మడుల్లోకి పెట్టే సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్లో 9 గ్రాములే, మన రక్తానికి సరిపోయేటట్టు. వట్టి నీళ్లు ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి. వంశధార నదిలోని మంచినీటి చేపకి ఒంట్లోకి నీళ్లు చేరుతూనే ఉంటాయి, అందుకే అది అస్తమానం మూత్రం పోస్తుంది. సముద్రపు చేప నీళ్లు పోగొట్టుకుంటూ ఉప్పునీళ్లే తాగి, ఆ ఉప్పుని మొప్పల్లోంచి బయటికి తోసేస్తుంది. పాపం, నీళ్లలో ఉండీ దాహమే దానికి.

ముక్కలు ఇవాళ ఎండలో పెట్టాం. ఈసారి ఊట కాస్త తగ్గింది. ఉప్పు నేనే తక్కువ వేశానని మీ మామ్మ అంటోంది. మీరొచ్చినప్పుడు ఆ సంగతి మాత్రం ఎత్తకండి.

మీ తాతయ్య
టెక్కలి